బంద్ రోజుల్లో మూడు వరుసల ఆట

మా అన్న తలకు కుట్లు పడిన వారంలోనే నేను ఆ కొత్త పేకాట నేర్చుకున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. పొద్దున ర్యాలీకని పోయిన అన్న, మధ్యాహ్నానికి ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి ఇద్దరి భుజాల మీద వేలాడుతూ ఇంటికి వచ్చాడు. లాఠీ సరిగ్గా నడినెత్తిన పడింది. నెత్తురు చెవి వెనక నుంచి కారి చొక్కా కాలరు అట్టకట్టింది. అమ్మ ఏడవలేదు. తువ్వాలు మడిచి అతని తలకు అదిమిపట్టి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. తిరిగొచ్చాక గేటుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని నా వైపు తిరిగింది.

"ఒక్కని తల పగిలింది సాలు. బంద్ ఉన్న దినం నువ్వు గీ గేటు దాటినవంటే నేనే నీ కాళ్లు ఇరగ్గొడ్త."

అన్నకు ఆ మాట చెప్పి లాభం లేదని ఆమెకు తెలుసు. అందుకే నాకు చెప్పింది.

మాది హైవే వెనక పాత ఊరు. నాయన కాలంలో జొన్నలు, కూరగాయలు పండిన భూములు ప్లాట్లయి, ప్లాట్లు కాలనీలయి, చివరికి ఊరంటే మా నాలుగు గల్లీలే మిగిలాయి. నాయన పోయాక అన్నా నేనూ సిమెంటు దుకాణం చూసుకునేవాళ్ళం. బంద్ రోజు షట్టర్ దించేస్తే నాకు ఇంట్లో కాళ్ళు నిలిచేవి కావు. గేటు దాటడానికి లేదు. దాటనిచ్చే చోటు ఒక్కటే, మేడ మెట్లు.

పైన పోర్షన్‌లో కిరాయికి ఉన్నది తెనాలి వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవారు. ఆయన లెక్కలు, ఆవిడ బోటనీ. ఆయనను సార్ అనేవాణ్ణి. ఆవిడను మొదట్లో మేడం అన్నాను గానీ, "మేడం ఏంటి, అక్కా అను" అని ఆవిడే దిద్దింది. బంద్ అంటే వాళ్ళకూ సెలవే. గేటుకు తాళం పడ్డాక వచ్చిన మొదటి బంద్ నాడు నేను పైకి పోయేసరికి ఇద్దరూ టీపాయ్ మీద ముక్కలు పరుచుకుని కూర్చున్నారు. రమ్మీ అనుకున్నాను.

"రమ్మీ కాదు తమ్ముడూ, మీ తీన్ పత్తీ కూడా కాదు" అంది అక్క. "ఫోన్లో చూసి నేర్చుకున్నాను. చైనీస్ పోకర్ అంటారు. ముక్కలన్నీ బయటికే కనిపిస్తాయి. దాచుకునేదేం ఉండదు. కూర్చో, ముగ్గురైతే బాగుంటుంది."

ఆట వినడానికి సులువే. ముందు ఒక్కొక్కరికీ అయిదు ముక్కలు. వాటిని ఎదుట మూడు వరుసల్లో ఎక్కడ కావాలంటే అక్కడ తెరిచి పెట్టాలి. తర్వాత ఒక్కో ముక్కే వస్తుంది. వచ్చినదాన్ని అక్కడికక్కడే ఏదో ఒక వరుసలో పెట్టెయ్యాలి. ఒకసారి పెడితే మళ్ళీ కదపడానికి లేదు. కింద వరుసకు అయిదు, మధ్య వరుసకు అయిదు, పైదానికి మూడు. ఒక్కో వరుసనీ ఎదుటివాళ్ళ అదే వరుసతో పోల్చి గెలుపోటములు చూస్తారు. కింది వరుస అన్నిటికన్నా బలంగా ఉండాలి, మధ్యది దానికన్నా తక్కువ, పైది ఇంకా తక్కువ. ఈ క్రమం తప్పితే ఫౌల్. ఎంత మంచి ముక్కలున్నా మూడు వరుసలూ ఓడినట్టే.

మొదటి రోజంతా నేను ఫౌలే. రాజులు రెండు వస్తే సంబరంగా పై వరుసలో పెట్టేసేవాణ్ణి. ఇక మధ్య వరుసలో అంతకు మించి రావాలి, కింద దానికి మించి రావాలి. వచ్చేవి కావు. సార్ పెదవి విరిచి నవ్వేవాడు. ఆయన పద్ధతి వేరు. కింద ఒక జత, మధ్యలో చిన్న జత, పైన ఏవో పొల్లు ముక్కలు. పెద్దగా గెలిచేవాడు కాదు గానీ ఫౌల్ మాత్రం ఎన్నడూ కాలేదు. అక్క అలా కాదు. మా ముక్కలన్నీ కళ్ళతో తడిమి గానీ తన ముక్క కింద పెట్టేది కాదు.

"నీకు ఆటీన్ కావాలి కదా? సార్ వరుసల్లో చూడు, నా వరుసల్లో చూడు. అన్నీ ఇక్కడే ఉన్నాయి. కట్టలో లేనిదాని కోసం చోటు ఖాళీగా ఉంచుకుని కూర్చుంటావేం?" అనేది. "ముందు కింద కట్టుకో. ఏ వరుసనీ తొందరపడి నింపెయ్యకు. పనికిరాని ముక్క రాక మానదు. దాన్ని పారేయడానికి ఒక చోటు ఉంచుకో."

ఆశ పుట్టించేది మాత్రం పై వరుసే. అక్కడ రాణుల జతగానీ అంతకన్నా పెద్దదిగానీ పెట్టి ఫౌల్ కాకుండా బయటపడితే, తర్వాతి ఆటలో పదమూడు ముక్కలూ ఒకేసారి చేతికొస్తాయి. తీరిగ్గా పేర్చుకోవచ్చు. దాన్ని ఫ్యాంటసీ అనేవాళ్ళం. నేను దానికోసమే బతికేవాణ్ణి.

బంద్‌లు ఆగలేదు, ఆటా ఆగలేదు. పందెం ఏమీ లేదు, ఓడినవాళ్ళు చాయ్ పెట్టాలి. ఒక్కోసారి మాటల్లో వేడి పుట్టేది. టీవీలో బస్సు కాలుతుంటే సార్ తల ఊపి, "మీవాళ్ళు మళ్ళీ తగలెట్టారయ్యా" అన్నాడొకసారి.

"మీవాళ్లు తెలంగాణ ఎప్పుడో ఇచ్చేస్తే గా బస్సు కాలకపోవు సార్" అన్నాను.

"మేం ఇచ్చేదేంటి? మా దగ్గరేముంది?"

"అదే గద నేను అడిగేది."

ఆయన ముఖం ఎర్రబడింది. నేను చేతిలో ముక్కను టీపాయ్ మీద కొట్టినంత పని చేశాను. అక్క టీవీ కట్టేసి, "ముక్క ఎక్కడ పెడతావో చెప్పు" అంది. నేను కోపంలో తప్పు వరుసలో పెట్టి ఫౌలయ్యాను.

ఇంకో రోజు, ఆ రోజూ బందే. పొద్దున్నుంచే చౌరస్తా వైపు నుంచి అరుపులు, మధ్యమధ్య టపటపమని బాష్పవాయువు గోళాల మోత. కళ్ళు మండుతుంటే అక్క కిటికీలు వేసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కింది. అన్న తెల్లారకముందే వెనక గోడ దూకి పోయాడు. అమ్మ కింద వరండాలో కూర్చుని గేటు వైపే చూస్తోంది.

నా ముందు ముక్కలు ఇంత బాగా పడిన రోజు లేదు. కింద వరుసలో నాలుగు ఇస్పేట్లు, అయిదోది కూడా వస్తే రెండు జతల్ని మించే కలర్. మధ్యలో రెండు ఆర్లు, రెండు ఎనిమిదులు. పైన ఒక రాణి. అప్పుడు ఇంకో రాణి వచ్చింది. పైన పెడితే జత. కానీ ఇంకా రావలసిన మూడు ముక్కల్లో ఒక్క ఇస్పేటన్నా రాకపోతే కింది వరుస కూలుతుంది, అంతా ఫౌల్.

"వాళ్ళ ముక్కలు చూసుకో" అంది అక్క.

చూశాను. సార్ దగ్గర రెండు ఇస్పేట్లు, అక్క దగ్గర ఒకటి. మిగతా ఆరూ కట్టలోనే ఉన్నాయి.

"పెట్టేస్త" అన్నాను.

"నేనైతే పెట్టను" అన్నాడు సార్.

పెట్టాను. వేలు ఇంకా ముక్క మీదే ఉంది. కింద గేటు దడదడలాడింది. అమ్మ కేక వేసింది. నేను లేచేసరికి మా అన్న, మరో ఇద్దరు కుర్రాళ్ళు గేటెక్కి లోపలికి దూకి, ఇంటి పక్క సందులోంచి వెనక గోడ మీదుగా మాయమయ్యారు. వాళ్ళ వెనకే బూట్లు. తాళం మీద రాయితో కొట్టిన చప్పుడు, గేటు గోడకు కొట్టుకున్న చప్పుడు, అమ్మ "ఎవ్వరు లేరయ్యా" అని అరుస్తుండగానే మెట్ల మీద చప్పుడు.

సార్ తలుపు గడియ పెట్టబోయాడు. రెండో తన్నుకు గడియ ఊడి వచ్చింది. నలుగురైదుగురు పోలీసులు లోపలికి పడ్డారు. మొదటి లాఠీ టీపాయ్ మీద పడింది. చాయ్ గ్లాసులు పగిలాయి. ముక్కలు గది నిండా ఎగిరాయి.

"రాళ్ళేసొచ్చి పేకాడుతున్నార్రా?"

సార్ రెండు చేతులూ పైకెత్తాడు. "మేం ఆంధ్రావాళ్ళం సార్. తెనాలి. లెక్చరర్లం. మాకు దీంతో ఏ సంబంధమూ లేదు సార్." షెల్ఫ్ మీదున్న గుర్తింపు కార్డు తీసి చూపించాడు.

వాళ్ళలో పెద్దవాడు కార్డు చూశాడు. లాఠీ నా గుండె మీద ఆనించాడు. "మరి వీడెవడు?"

సార్ నా వైపు చూశాడు. పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు.

"మా తమ్ముడండీ" అంది అక్క ముందుకు వచ్చి. "నా సొంత తమ్ముడు. తెనాలి నుంచి వచ్చాడు. పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నాడు, దేవుడి మీద ఒట్టు."

"తమ్ముడా?" అన్నాడతను నన్ను చూస్తూ. "ఏరా, ఎప్పుడొచ్చావ్ తెనాలి నుంచి?"

మూడేళ్ళుగా పైనుంచి ఆ భాషే వింటున్నాను. ఏమనాలో నాకు తెలుసు. నిన్ననే వచ్చానండీ అంటే అయిపోయేది. నోరు తెరిచాను.

"నిన్ననే ఒచ్చిన సార్."

అతను నవ్వాడు. "తెనాలోడు ఒచ్చిన అంటాడేంట్రా?"

ముందు చెంప మీద పడింది. చెంప కాదు, చెవి. లోపల ఏదో చిరిగినట్టయి, గదిలో చప్పుళ్ళన్నీ ఒక పక్కకు ఒరిగిపోయాయి. తర్వాత లాఠీ. తల కాపాడుకుందామని కుడిచెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించలేదు, చెయ్యి మధ్యలో వంగడం మాత్రం చూశాను. కింద పడ్డాక బూటుతో పక్కటెముకల మీద తన్నారు. గాజుముక్కలు వీపులో దిగుతున్నాయి. అక్క ఒకతని లాఠీ రెండు చేతులతో పట్టుకుని వేలాడింది. అతను విదిలించాడు. ఆమె నుదురు తలుపు చట్రానికి తగిలి చిట్లింది. కాళ్ళు పట్టి మెట్ల మీదుగా నన్ను ఈడ్చుకుపోతుంటే గది ఒక్కసారి కనిపించింది. సార్ గోడకు అంటుకుపోయి, కార్డు చేతిలోనే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

గేటు దాకా ఈడ్చారు. వ్యాన్ ఎక్కించేవాళ్ళే. ఇంతలో గల్లీ చివర నుంచి రాళ్ళు మొదలయ్యాయి. విజిల్ మోగింది. నన్ను అక్కడే వదిలేసి అటు పరుగెత్తారు. అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ వెనక తిట్టిన తిట్లు నాకు ఒక చెవిలోకే వచ్చాయి.

మర్నాడు పొద్దున అన్న తిరిగొచ్చాడు. నా కట్టు చూశాడు, ముఖం చూశాడు. ఏం జరిగిందని అడిగితే చెప్పాను, సార్ నోరు తెరవని సంగతితో సహా. అన్న లేచి, మూలనున్న పార కర్ర తీసుకుని మెట్లెక్కాడు. నేనూ వెనకే ఎక్కాను. ఆపడానికి పోయానో, చూడటానికి పోయానో ఇప్పటికీ చెప్పలేను.

అక్క తలుపు తీసింది. నుదుటికి కట్టు. అన్న చేతిలో కర్ర చూసింది. పక్కకు తప్పుకుంది.

"ఒక్క దెబ్బ కొట్టు" అంది. "అడ్డం రాను. రెండోది కొట్టావా, ఈ ఇంట్లో నుంచి నువ్వు బయటికి పోవు."

అన్న అయోమయంగా ఆమెను చూశాడు. కర్ర కింద పడేసి, లోపల కుర్చీలో కూర్చున్న సార్ కాలరు పట్టుకుని లేపి, ముఖం మీద పిడికిలితో గుద్దాడు. సార్ ముక్కు నుంచి నెత్తురు బొటబొటా కారింది. ఆయన తుడుచుకోలేదు, చెయ్యీ ఎత్తలేదు. అన్న మళ్ళీ పిడికిలి ఎత్తాడు.

"మాట్లాడరాలే? నోరు పడిపోయిందా? మా తమ్ముడు నీ ఇంట్ల కూసోని చాయ్ తాగలే?"

"ఆగు రా" అంది అమ్మ మెట్ల మీద నుంచి. ఎప్పుడు వచ్చిందో. ఆయాసపడుతోంది. "గా పోలీసోళ్లను ఇంట్లకు తోలుకొచ్చిందెవరు? నువ్వు గాదా? నువ్వు దుంకిన గేటే గదా వాళ్లు పగులగొట్టింది? అవుతలికి ఉరుకక ఇంటికెందుకు ఉరికినవ్ రా? సారును కొట్టవడ్తివి. మరి నిన్నెవరు కొట్టాలె?"

అన్న చెయ్యి దిగిపోయింది. గుమ్మం దాటి మెట్ల మీద కూలబడి, కుట్ల మచ్చ ఉన్న తలను రెండు చేతుల్లో పట్టుకున్నాడు. వెక్కిళ్ళు నాకు సగమే వినిపించాయి.

వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తారనుకున్నాం. చెయ్యలేదు. అమ్మా పొమ్మనలేదు. అక్క మాత్రం వీలు చిక్కినప్పుడల్లా కట్ట పట్టుకుని కింద వరండాలోకి వచ్చేది. విరిగిన చేతివాడికి అంతకన్నా మంచి ఆట లేదు. ముక్కలు చేతిలో విసనకర్రలా పట్టుకోనక్కర్లేదు, ఒక్కోటి తీసి ఎడమచేత్తో నేల మీద పెట్టడమే. ఫ్యాంటసీ వస్తేనే ఇబ్బంది. అప్పుడు పదమూడు ముక్కలూ మంచం మీద పరిచి, అక్కకు కనపడకుండా దిండు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

ఇద్దరి ఆటలో ఎదుటివాళ్ళ ముక్కలు తక్కువ కనిపిస్తాయి, కట్టలో ఏముందో తెలియదు. అక్క నన్ను జాగ్రత్తగా ఆడమనేది. నాకు జాగ్రత్త మీద అసహ్యం పుట్టింది. సార్ ఆడినట్టు ఆడటం నాకిష్టం లేదు. రాణి రాగానే పైన పెట్టేసేవాణ్ణి. ఓడేవాణ్ణి. "కోపాన్ని పై వరుసలో పెడుతున్నావు" అని ఒకసారి విసుక్కుని కట్ట మూసేసింది. ఆయన గురించి ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ అడగలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చిన ఆయన బూట్లు మెట్ల మీద వినిపిస్తే ఇద్దరం తల దించుకుని ముక్కలు చూసేవాళ్ళం.

చేతికి కట్టు విప్పిన కొత్తలో ఇంకో బంద్ వచ్చింది. పరీక్షలు దగ్గర పడ్డాయని కోచింగ్ సెంటర్‌వాళ్ళు షట్టర్ సగం దించి లోపల క్లాసులు నడిపారు. అక్కకు ఆ పూట క్లాసు లేదు, సార్ ఒక్కడే పోయాడు. ఎవరో కనిపెట్టారు. ఓ గుంపు వచ్చి షట్టర్ పైకి లేపి, అద్దాల తలుపుల మీద రాళ్ళేసింది. సార్ పిల్లల్ని వెనక మెట్ల వైపు తోస్తుంటే అద్దం మొత్తం ఆయన మీద కూలింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. కొత్తపేట గల్లీల్లోంచి నడుచుకుంటూ ఇంటికి చేరాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి మెడ వెనకంతా నెత్తురు, జుట్టులో గాజుపెంకులు మెరుస్తున్నాయి. గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

పోలీసులు నన్ను కొట్టిన రోజు నుంచీ అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. అయినా లేచి గేటు తీసి, ఆయనను వరండాలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. ముల్లు తీసే చిమటా తెచ్చి ఒక్కో పెంకూ పీకడం మొదలుపెట్టింది. అక్క పరుగున దిగివచ్చి గిన్నెలో నీళ్ళు పట్టుకుంది.

"నొస్తుందా సారూ?"

"లేదమ్మా."

"నొయ్యాలె" అంది అమ్మ, ఇంకో పెంకు బలంగా లాగుతూ.

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కొంతసేపటికి తల ఎత్తకుండానే నాతో అన్నాడు, "ఆ రోజు నాకు మాట రాలేదని మా ఆవిడకి చెప్పాను. అబద్ధం. మాట వచ్చింది. మింగేశాను. నీ గురించి చెబితే నన్నూ కొడతారనుకున్నాను. ఆవిడ కోసం భయపడ్డానని కూడా చెప్పుకోవచ్చు. కాదు. నాకోసమే."

అక్క నీళ్ళ గిన్నె కింద పెట్టేసింది. ఆయన మెడ మీద కారుతున్న నెత్తురు చూసి నాకు జాలితో పాటు ఇంకేదో తృప్తి కలిగింది. ఆ తృప్తికి భయం వేసింది కూడా.

కొన్నాళ్ళకు అక్క కట్ట కలుపుతూ, "ముగ్గురికి పంచనా?" అంది. సార్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పంచమన్నాను.

ఆయన ఆట పూర్తిగా మారిపోయింది. మొదటి అయిదు ముక్కల్లో రాజు వస్తే తిన్నగా పైన పెట్టేవాడు. కింద కలర్ కోసం, మధ్యలో వరుస నంబర్ల కోసం, రెండింటికీ ఒకేసారి ఆశపడేవాడు. ఫౌల్ మీద ఫౌల్. ఇప్పుడు జాగ్రత్త నాకు వచ్చింది. ఆయన ఏ ముక్క కోసం చూస్తున్నాడో చూసుకునేవాణ్ణి. అది నాకు వస్తే, నాకు పనికిరాకపోయినా ఒళ్ళు పులకరించేది. తెచ్చి ఆయన కళ్ళ ఎదుట పెట్టేవాణ్ణి. మూడు వరుసలూ ఆయన మీద గెలిచిన రోజు అన్నం ఎక్కువ తినేవాణ్ణి. ఆయనకు అది తెలుసు. చాయ్ ఎన్నిసార్లు పెట్టాల్సి వచ్చినా లేచి పెట్టేవాడు.

రాష్ట్రం వచ్చిన ఏడాదే వాళ్ళిద్దరికీ విజయవాడలో ఉద్యోగాలు దొరికాయి. మా గల్లీలో అప్పటికింకా గులాల్ మరకలు గోడల మీద ఉన్నాయి. సామాను లారీకెక్కించే రోజు అన్న దుకాణం నుంచి ఇద్దరు హమాలీలను తీసుకొచ్చాడు, తనూ భుజం పట్టాడు. బీరువా దించేటప్పుడు సార్ ఒక కొస, అన్న ఒక కొస. మలుపు దగ్గర ఇరుక్కుంటే ఇద్దరూ ఒకరినొకరు "జర ఇటు", "కొంచెం పైకండీ" అనుకుంటూ దించారు.

అక్క అమ్మను పట్టుకుని ఏడ్చింది. పేక కట్ట నాకిచ్చింది.

లారీ బయల్దేరే ముందు సార్ నా దగ్గరికి వచ్చాడు. ఎడమ పక్కకు రాబోయి, ఆ చెవి వినపడదని గుర్తొచ్చి కుడివైపు తిరిగి నిలబడ్డాడు.

"నా మీద కోపం పోయిందా?"

"పోలే సార్" అన్నాను. "తగ్గింది."

ఆయన తల ఊపాడు. "రేపు వర్షం పడితే మేడ మీద నీళ్ళ గొట్టం కారుతుంది, చూపించుకోండి" అని చెప్పి డ్రైవర్ పక్కన ఎక్కాడు. లారీ హైవే ఎక్కి బాటసింగారం వైపు తిరిగింది. అమ్మ చీపురు, బకెట్ తీసుకుని పై పోర్షన్ కడగడానికి మెట్లెక్కింది. నేను గొట్టం చూడటానికి ఆమె వెనకే పోయాను.